జంగిల్ బుక్ (2016) మళ్లీ చూశాను. ఆదివారం మోగ్లీతో పెరిగినవాళ్లు ఒకసారి రండి

కొర్లగుంట మోగ్లీ

ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పటి కార్టూన్లను పెద్ద సినిమాలుగా తీసినవాటిలో 2016 జంగిల్ బుక్‌ని మించింది నాకు ఇంకోటి కనబడలేదు. అయినా ‘కా’ అనే కొండచిలువ విషయంలో ఆ సినిమా మీద నాకు కోపం ఇంకా పోలేదు.

నా మోగ్లీ, అంటే తోడేళ్ల మధ్య పెరిగిన ఆ పిల్లాడు, డిస్నీ మోగ్లీ కాదు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చినవాడు. జపాన్‌లో నిప్పాన్ యానిమేషన్ వాళ్లు 1989లో మొదలుపెట్టి 52 భాగాలుగా తీసిన సీరియల్ అది. మనకు హిందీలో వచ్చింది. గుల్జార్ రాసిన పాట, విశాల్ భరద్వాజ్ సంగీతం, పులి షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు. డిస్నీవాళ్ల 1967 బొమ్మ నేను చూసింది కాలేజీలో చేరాకే. అందుకే ఈ సినిమా కూడా డిస్నీదే అని తెలిసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. పాటలు, గంతులు, నవ్వించే ఎలుగుబంటితో సరిపెడతారేమో, తోడేళ్లను రెండు నిమిషాల్లో పంపించేస్తారేమో అని.

అలా జరగలేదు. నీళ్ల ఒప్పందం సీన్ దగ్గరే నా భయం పోయింది. ఎండలకు నది ఇంకిపోతుంది, శాంతి శిల బయటపడుతుంది. అది కనబడినన్నాళ్లూ నీళ్ల దగ్గర ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. జింక నీళ్లు తాగుతుంటే పక్కనే చిరుత తాగుతుంది. అప్పుడు షేర్ ఖాన్ వస్తాడు, వాడు కూడా ఆ మాటకు కట్టుబడే నిలబడతాడు. 1967 బొమ్మలో ఈ సీన్ లేదు. కిప్లింగ్ 1895లో రాసిన రెండో జంగిల్ బుక్‌లోంచి తెచ్చారు. చిన్నప్పుడు నన్ను పట్టేసింది ఇదే. అడవికి కట్టుబాట్లు ఉంటాయి, పెద్దలు ఉంటారు, కొండ మీద సభ ఉంటుంది, మాట ఇస్తే నిలబెట్టుకుంటారు. దర్శకుడు జాన్ ఫావ్రో ఆ సంగతి అర్థం చేసుకుని తీశాడు.

చివర కూడా నాకు తృప్తిగా ఉంది. 1967లో మోగ్లీ కడవతో నీళ్లకు వచ్చిన పిల్ల వెంట ఊళ్లోకి వెళ్లిపోతాడు. ఇందులో అడవిలోనే, తన తోడేళ్లతోనే ఉంటాడు. చెట్టు కొమ్మ మీద ఎలుగుబంటి భాలూ, నల్ల చిరుత బఘీరాల పక్కన వాడిని చూస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక కా. దూరదర్శన్ సీరియల్‌లో కా అడవికి పెద్దదిక్కు. పుస్తకంలో అయితే కోతులు మోగ్లీని ఎత్తుకుపోయినప్పుడు భాలూ, బఘీరా సహాయం అడిగేది కానే. అసలు ఆ కోతులు భయపడేదే దాన్ని చూసి. సినిమాలో ఏం చేశారు? ఒక్క సీన్. తియ్యగా మాట్లాడి పిల్లాడిని మింగబోయే పాము. అంతే. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లో పెరిగినవాడికి ఈ లెక్క ఎలా మింగుడు పడుతుంది? పాము అంటే మోసమే అని వాళ్లు 1967లో తీర్మానించారు, 2016లో మార్చే అవకాశం వచ్చినా మార్చలేదు.

మీరేమంటారు?

పలమనేరు పాప

అన్నా, ఇంత రాసి ఏనుగుల గురించి ఒక్క ముక్క రాయలేదేంటి? నేను తీరిగ్గా వస్తాను. దాని గురించి నేను చెప్పాల్సింది ఉంది.

ఆదివారం తొమ్మిది

ఆ పాట ఎక్కడ వినబడినా ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది నాకు.

మాది చిత్తూరు. మా వీధిలో మా వైపు ఎవరికీ హిందీ రాదు. పక్కింటివాళ్లు ఉర్దూ మాట్లాడతారు. వాళ్లబ్బాయి నా ఈడువాడే. బొమ్మ నడుస్తుంటే వాడే మాకందరికీ తెలుగులో చెప్పేవాడు. మా అవ్వ కూడా మంచం మీద కూర్చుని “తోడేలు ఏమంటుందిరా” అని వాడినే అడిగేది. గాలి వస్తే యాంటెన్నా తిరిగిపోయేది, ఒకరు మిద్దె మీదికి పోయి సరిచెయ్యాలి, ఆ వారం వాడికి సగం కథే. మిగతా సగం సాయంత్రం వీధిలో ఆడుకుంటూ మేం చెప్పేవాళ్లం. షేర్ ఖాన్ మాట్లాడేటప్పుడు మాత్రం మాకు అర్థం చెప్పేవాడు అక్కర్లేదు. నానా పాటేకర్ గొంతు చాలు.

2016లో హిందీ డబ్బింగ్‌కి షేర్ ఖాన్‌గా మళ్లీ నానా పాటేకర్‌నే తీసుకున్నారని తెలియగానే నేను బెంగళూరుకు పోయి హిందీలోనే చూశాను. మనవైపు తెలుగు, ఇంగ్లీషు ఆడుతున్నాయి, నాకు ఆ గొంతే కావాలి. 23 ఏళ్ల తర్వాత అదే గొంతు, అదే పులి. భాలూకి ఇర్ఫాన్ ఖాన్, బఘీరాకి ఓం పురి, అమ్మ తోడేలు రక్షకి షెఫాలీ షా. ఓం పురి మరుసటి ఏడాది జనవరిలోనే పోయారు, ఇర్ఫాన్ 2020లో. ఇప్పుడు ఆ హిందీ వెర్షన్ పెట్టుకుంటే భాలూ, బఘీరా మాట్లాడుకునే సీన్లు నాకు వేరేగా వినబడతాయి.

ఇంకో మాట. ఇండియాలో ఈ సినిమా ఏప్రిల్ 8న వచ్చింది, అమెరికాలో 15న. వాళ్లకంటే వారం ముందే మనం చూశాం. అప్పటిదాకా మన దేశంలో ఏ హాలీవుడ్ సినిమాకీ రానంత డబ్బు దీనికి వచ్చింది. అదంతా త్రీడీ గొప్పతనం అంటే నేను ఒప్పుకోను. మనలాంటి వాళ్లు పిల్లల చెయ్యి పట్టుకుని థియేటర్లకు పోయారు.

చందమామ రోజులు

నేను ఒప్పుకోను అబ్బాయిలూ. నాకు 1967 బొమ్మే గొప్పది. 78 నిమిషాల్లో నవ్వించి, పాడించి, స్నేహం అంటే ఏంటో చూపించి పంపిస్తుంది. వాల్ట్ డిస్నీ దగ్గరుండి చేయించిన చివరి కార్టూన్లలో అదొకటి. విడుదలయ్యేలోపే ఆయన పోయారు. ఆ భాలూ నడకలో ఉన్న హాయి 2016లో ఎక్కడుంది? కొత్తదాంట్లో తోడేళ్ల నాయకుడు అకేలాని కొండ మీది నుంచి విసిరేస్తాడు ఆ పులి. మా మనవరాలు నా చొక్కా పట్టుకుని మొహం దాచుకుంది. సెన్సార్ వాళ్లు యూ/ఏ ఇచ్చారని అప్పట్లో అందరూ వాళ్లను తిట్టారు. నేను తిట్టను. ఆ త్రీడీలో పులి మీదికి దూకితే పెద్దవాళ్లమే వెనక్కి జరిగాం.

పిల్లల కోసం తీసిన కథను పెద్దవాళ్ల జ్ఞాపకాల కోసం ముదురు చేశారు. నా అభ్యంతరం అదీ.

కొర్లగుంట మోగ్లీ

పెద్దాయనా, మీ మాట కాదనలేను, పూర్తిగా ఒప్పుకోనూ లేను. దూరదర్శన్ సీరియల్‌లో చావు ఉంది, ఆకలి ఉంది, అయినవాళ్లు దూరమవడం ఉంది. అవి చూసే మేం పెరిగాం. పిల్లలు భయపడతారు, నిజమే. భయపడిన చోటనే పక్కన అమ్మ తోడేలు ఉంటుంది కదా. రక్ష ఆ పిల్లాడిని వదిలిపెట్టేటప్పుడు “ఎక్కడికి పోయినా నువ్వు నా బిడ్డవే” అన్న భావంతో చూస్తుంది. ఆ చూపు 1967లో లేదు.

బొమ్మసంద్ర షిఫ్ట్

నేను బెంగళూరులో విజువల్ ఎఫెక్ట్స్ పనిలో ఉన్నాను, సొంతూరు పుంగనూరు. ఈ సినిమాకు నేను పని చెయ్యలేదు, కానీ మా లైన్లో ఉన్న ఎవరిని అడిగినా దీని గురించి ఒక గంట మాట్లాడతారు.

మోగ్లీగా వేసిన నీల్ సేఠీ నటించింది మొత్తం లాస్ ఏంజిలిస్‌లో, స్టూడియో లోపల. సినిమా చివర ఆ ముక్క తెర మీద వేస్తారు కూడా. చుట్టూ నీలం తెర, వాడి కాళ్ల కింద మాత్రం కాస్త మట్టి, కాస్త సెట్. పదేళ్ల పిల్లాడు ఖాళీ గాలితో మాట్లాడలేడు కాబట్టి జిమ్ హెన్సన్ క్రీచర్ షాప్ వాళ్లు పప్పెట్లు ఇచ్చారు, వాటిని ఆడించేవాళ్లు వాడికి ఎదురుగా నిలబడ్డారు. వాడి చూపు సరైన చోట ఆగుతుంది, అందుకే మనం నమ్ముతాం. తర్వాత ఆ పప్పెట్‌ని తీసేసి జంతువుని పెట్టారు. ఎక్కువ పని ఎంపీసీ అనే ఎఫెక్ట్స్ కంపెనీది, కోతుల రాజు కింగ్ లూయీ సీను వేటా డిజిటల్ అనే ఇంకో కంపెనీది. ఎంపీసీ పనిలో పెద్ద భాగం బెంగళూరులోనే జరిగింది. దీనికి ఆస్కార్ వచ్చినప్పుడు ఇక్కడ చాలా ఆఫీసుల్లో పండగ చేసుకున్నారు.

మామూలు ప్రేక్షకుడు గమనించని కష్టం ఒకటి చెప్తాను. వాన. బొచ్చు తడిస్తే ఒక్కో పోగు ఒక్కోలా అంటుకుంటుంది, బరువెక్కి కిందికి జారుతుంది, జంతువు కదిలితే నీళ్లు చిమ్మాలి. ఆ తడి బొచ్చు పక్కనే నిజమైన పిల్లాడి తడి చర్మం ఉంది. రెండింటి మీద వెలుగు ఒకేలా పడకపోతే కన్ను వెంటనే పట్టేస్తుంది. మోగ్లీ భాలూ పొట్ట మీద పడుకుని నది మీద తేలిపోయే సీన్ మళ్లీ చూడండి. నీళ్లు, బొచ్చు, పిల్లాడు, పాట నాలుగూ కలవాలి అక్కడ. కలిశాయి.

2025 ఫిబ్రవరిలో ఎంపీసీ మాతృసంస్థ టెక్నికలర్ కుప్పకూలింది. బెంగళూరు ఆఫీసులూ మూతపడ్డాయి. ఈ అడవిని చేసిన చేతులు ఎన్నో ఆ రోజు రోడ్డున పడ్డాయి. ఈ సినిమా చూసిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది, అందుకే చివర పేర్లన్నీ అయ్యేదాకా నేను లేవను.

మదనపల్లె సింబా

అన్నా, ఇదే ఫావ్రో 2019లో లయన్ కింగ్ తీశాడు కదా. నేను 1994 లయన్ కింగ్ పిచ్చివాణ్ణి. జంగిల్ బుక్ చూసి ఎంత ఆశపడ్డానో అది చూసి అంత నిరాశపడ్డాను. ఎందుకో చెప్పండి?

బొమ్మసంద్ర షిఫ్ట్

నా అభిప్రాయం చెప్తాను. జంగిల్ బుక్‌లో మధ్యలో ఒక మనిషి పిల్లాడు ఉన్నాడు. జంతువు మొహం కదలకపోయినా వాడి మొహంలో మనకు అంతా తెలుస్తుంది. లయన్ కింగ్‌లో ఒకే ఒక్క షాట్ నిజమైనది, మొదటి సూర్యోదయం. మిగతాది మొత్తం కంప్యూటర్‌లో చేసిందే. నిజమైన సింహం మొహంలో కనుబొమలు లేవవు, పెదవులు విరగవు. అది నిజంలా ఉండాలని పట్టుబట్టారు, దాంతో తండ్రి ముఫాసా చనిపోయినప్పుడు పిల్ల సింహం సింబా మొహంలో ఏడుపు చాల్లేదు. 1994లో చేత్తో గీసిన గీతలో ఆ ఏడుపు ఉంది.

మదనపల్లె సింబా

అదీ మాట! ఇన్నేళ్లుగా నాకు ఎక్కడ వెలితిగా ఉందో మీరు చెప్పేదాకా తెలియలేదు.

కానీ తెలుగు డబ్బింగ్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, దాని జోడీ టిమోన్‌కి అలీ. మా థియేటర్లో వాళ్లిద్దరూ నోరు తెరిస్తే చాలు ఈలలు. సింబాకి నాని, విలన్ స్కార్‌కి జగపతిబాబు, ముఫాసాకి రవిశంకర్. మొహాల్లో లేని ప్రాణం గొంతుల్లో వచ్చింది. 2024లో ముఫాసా సినిమాకి మహేష్ బాబు గొంతు ఇచ్చాడంటే ఈ దారి ఎంత బలపడిందో చూడండి. మా పిల్లలు రేపు పెద్దయ్యాక సింబా అంటే తెలుగులోనే గుర్తుపెట్టుకుంటారు. అది నాకు చాలా సంతోషం.

ఏడో తరగతి బి

నేను చిత్తూరులో టీచర్‌ని. పుస్తకం గురించి రెండు విషయాలు.

కిప్లింగ్ పుట్టింది బొంబాయిలో, 1865లో. ఈ కథలు రాసింది మాత్రం అమెరికాలో, వెర్మాంట్‌లో కూర్చుని. అడవి మధ్యప్రదేశ్‌లోని సియోనీ కొండలు. ఇప్పటి పెంచ్ టైగర్ రిజర్వులో కొంత భాగం సియోనీ జిల్లాలోదే. షేర్ ఖాన్ చావు పుస్తకంలో అసలు నిప్పుతో కాదు. మోగ్లీ ఊళ్లో ఎనుములు కాస్తూ ఉంటాడు. మందను రెండుగా చీల్చి, వాగు లోయలో రెండు వైపుల నుంచీ తోలి పులిని తొక్కించేస్తాడు. తర్వాత ఆ తోలు తెచ్చి సభ కొండ మీద పరుస్తాడు. ఎనుములు కాసిన పిల్లలు నా క్లాసులో ఇప్పటికీ ఉన్నారు. ఈ కథ చెప్పినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి. మంద మనసు, దూడతల్లి మొండితనం వాళ్లకు తెలుసు, “అట్ల తోల్తే ఆగవు మేడం” అని వాళ్లే నాకు వివరిస్తారు. ఆ సీన్ పెద్ద తెర మీద తీసి ఉంటే ఎంత బాగుండేది! నిప్పు, కొండ అంచు, ఎండు చెట్టు చాలా సినిమాల్లో చూశాం.

కింగ్ లూయీ పుస్తకంలో లేడు. 1967లో డిస్నీవాళ్లు కల్పించారు. పైగా ఒరాంగుటాన్ మన దేశంలో ఉండదు, బోర్నియో, సుమత్రాల్లోనే. అందుకే 2016లో వాడిని జైగాంటోపిథెకస్‌గా మార్చారు, లక్షల ఏళ్ల కిందట అంతరించిన మహావానరం అన్నమాట. శ్రద్ధ ఉన్నవాళ్లు చేసే పని అది. అంత శ్రద్ధ భాలూ మీద ఎందుకు పెట్టలేదో! మన శేషాచలంలో తిరిగే ఎలుగుబంటి నల్లగా, ఛాతీ మీద తెల్లటి గుర్తుతో, పుట్టలు తవ్వి చెదలు తినే బక్క జంతువు. సియోనీలో ఉండేదీ అదే జాతి. సినిమాలో భాలూ గోధుమరంగులో కొండంత ఉన్నాడు.

కా విషయంలో నేను మొదటి పోస్టు రాసినవారితో ఏకీభవిస్తాను.

అలిపిరి అమ్మ

మా ఇల్లు తిరుమల కొండ కిందే. ఈ చర్చ చదువుతుంటే నాకు మాత్రం 2023 గుర్తొస్తోంది.

ఆ ఏడాది ఆగస్టులో నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. అంతకు ముందే జూన్‌లో ఒక బాబు మీద దాడి జరిగింది. తర్వాత బోన్లు పెట్టారు, మధ్యాహ్నం దాటితే పిల్లలను నడకదారిలో పంపలేదు, నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు. మా బాబుకి అప్పటికే బఘీరా అంటే ప్రాణం. టీవీలో బోనులో పడిన చిరుతను చూపిస్తుంటే “అమ్మా, అది బఘీరా వాళ్ల చుట్టమేనా?” అని అడిగాడు. నేనేం చెప్పాలి వాడికి? ఆ పాప తల్లి గురించి ఆలోచిస్తూ నేను ఏడుస్తున్నాను, వీడు బోనులో ఉన్నదాని గురించి ఏడుస్తున్నాడు.

కొన్నాళ్లు ఆ సినిమా పెట్టలేదు ఇంట్లో. తర్వాత వాడే అడిగితే పెట్టాను. ఈసారి నేను గమనించింది ఏమిటంటే, షేర్ ఖాన్ మాట పూర్తిగా తప్పు కాదు. మనిషి పిల్ల పెరిగితే నిప్పు తెస్తాడు అంటాడు. మోగ్లీ నిజంగానే ఊళ్లోంచి కాగడా ఎత్తుకొస్తాడు, దారిలో నిప్పురవ్వలు పడి అడవి అంటుకుంటుంది. వాడు కావాలని చెయ్యలేదు. అడవిలో ఎవరూ కావాలని చెయ్యరు, చిరుతతో సహా. సినిమా ఈ మాటను దాచకుండా చూపించినందుకు నాకు దాని మీద గౌరవం. చందమామ రోజులు గారూ, ముదురు చేశారన్నారు కదా, మా ఇంట్లో ఆ ముదురు భాగమే పనికొచ్చింది. వాడికి నేను చెప్పలేనిది అది చెప్పింది.

చందమామ రోజులు

తల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు ఇంకా 1967దే ఇష్టం. కానీ మీ బాబు దగ్గర ఆ సినిమా చేసిన పని పెద్దది, దాన్ని నేను కాదనను.

మోడరేటర్

అందరికీ నమస్కారం. దాడి వార్తల వీడియోలు, ఆ కుటుంబం ఫోటోలు ఎవరూ పెట్టొద్దు. పెట్టిన ఒకదాన్ని తీసేశాను. చర్చ కొనసాగించండి.

పలమనేరు పాప

వచ్చాను. ఏనుగులు.

సినిమాలో ఏనుగులు నడిచిపోతుంటే బఘీరా మోగ్లీని తల వంచమంటాడు. ఈ అడవిని చేసింది వాళ్లే, వాళ్ల దంతాలు గీసిన చోట నదులు పారాయి అంటాడు. తర్వాత గుంటలో పడిన గున్నను మోగ్లీ తాళ్లతో పైకి లాగుతాడు. ఆఖర్న అడవి కాలిపోతుంటే అదే ఏనుగులు నది దారి మళ్లించి మంట ఆర్పుతాయి. 1967లో ఏనుగులంటే కవాతు చేసే నవ్వులాట. ఇక్కడ దేవుళ్లు.

మా ఊరు కౌండిన్య అడవి అంచున. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు మా వైపుకు వచ్చాయి, ఆ తర్వాతే ఇది అభయారణ్యం అయింది. నేను పుట్టినప్పటి నుంచి రాత్రి కాపలా చూస్తూనే ఉన్నాను. టమాటా, చెరకు, అరటి, మామిడి, ఏది పెట్టినా పంట చేతికొచ్చే వేళకు అవి దిగుతాయి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. దాటుకుని వస్తాయి. మా నాన్న డబ్బా కొట్టుకుంటూ, టార్చి వేసుకుంటూ తెల్లవార్లూ మంచె మీద కూర్చుంటాడు. తొక్కిడిలో చనిపోయినవాళ్లు మా పక్క ఊళ్లలో ఉన్నారు. కరెంటు తీగ తగిలి చచ్చిపోయిన ఏనుగునూ చూశాను. దానికి పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, ఏడ్చి మట్టి చేశారు మా వాళ్లు. ముందు వారం అదే ఏనుగు మా చేను తొక్కింది.

ఈ సినిమాకు మా నాన్నను పిలుచుకుపోయాను. నేను కోపం వస్తుందేమో అనుకున్నాను. మోగ్లీ తల వంచే సీన్లో ఆయన సీట్లోంచి కొంచెం ముందుకు వంగి రెండు చేతులూ జోడించాడు. బయటికి వచ్చాక ఒకే మాట అడిగాడు, “నది తిప్పే ఏనుగులు మన కందకం దాటవా?” అని. అందులో కోపం లేదు. వాటి తెలివి ఆయనకు తెలుసు, అంతే.

మీరు కా గురించి బాధపడుతున్నారు, న్యాయమే. ఏనుగుల విషయంలో మాత్రం ఈ సినిమా చేసింది నూటికి నూరు పాళ్లు సరైనది. ఎవరి అడవిలో ఎవరు ఉన్నారో అక్కడ తెలుస్తుంది.

ఆదివారం తొమ్మిది

అక్కా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

బొమ్మసంద్ర షిఫ్ట్

ఈ పోస్టు మా ఆఫీసులో చదివి వినిపిస్తాను. ఏనుగు తోలు మడతలు చేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఉన్నారు.

కొర్లగుంట మోగ్లీ

పలమనేరు పాప గారూ, నేను ఏనుగులను రాయకపోవడానికి కారణం ఒక్కటే, ఆ సీన్ గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఎవరో ఉంటారనిపించింది. మీరు రాశారు.

మీరు చెప్పింది పట్టుకునే కా గురించి ఆఖరిగా ఒక మాట. ఏనుగులను నవ్వులాట నుంచి దేవుళ్లను చేసిన మనుషులే వీళ్లు. కోతుల రాజుకి శాస్త్రం వెతికిన మనుషులు. అంటే పాత బొమ్మను మార్చే ధైర్యం వీళ్లకు ఉంది. కా దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం ఏమైంది? మోగ్లీ తండ్రి కథ చెప్పేది కానే. నిప్పు గురించి చెప్పేదీ కానే. అడవి జ్ఞాపకమంతా దాని దగ్గరే ఉందని సినిమాకీ తెలుసు. అయినా కథ చెప్పడం అయిపోగానే నోరు తెరిపించి మింగబోయేట్టు చేశారు. ఇంకో రెండు సీన్లు ఇచ్చి ఉంటే, చివరి పోరాటంలో భాలూ, బఘీరా, తోడేళ్లతో పాటు కా కూడా మోగ్లీ వెనక నిలబడి ఉంటే, 1993లో ఆ టీవీ ముందు కూర్చున్న మా వీధి పిల్లలందరూ లేచి చప్పట్లు కొట్టేవాళ్లు.

మదనపల్లె సింబా

2018లో ఆండీ సెర్కిస్ తీసిన మోగ్లీ చూశారా అన్నా? అది ఇంకా ముదురు.

కొర్లగుంట మోగ్లీ

చూశాను తమ్ముడూ. దాని మీద నాకు చాలా ఉంది, ఇందులో కలిపితే రెండూ పాడవుతాయి. వేరే థ్రెడ్ పెట్టు, రాత్రికి వస్తాను.